గిన్నెకి నాలుగు చెవులు: తప్పు ప్రెస్‌ది కాదు, రేకుది

ఈ రోజు ఎపిసోడ్ ఒక పాత గిన్నెతో మొదలుపెడదాం. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడతాను, చూడండి. సిలవరు గిన్నె. అంటే అల్యూమినియం. మన ఇళ్ళల్లో వెండి కాకపోయినా సిల్వర్ అనే పిలుస్తాం కదా, అదే. ఇప్పుడు దీని అంచు చూడండి. గుండ్రంగా, సమానంగా ఉండాలి. కానీ నాలుగు చోట్ల పైకి లేచింది, నాలుగు చోట్ల కిందికి దిగింది. పిల్లి చెవుల్లాగా. ఇంజనీరింగ్‌లో కూడా వీటిని చెవులనే అంటారు, తమాషాకి కాదు.

ఈ నాలుగు చెవుల వల్ల ఒక మనిషి పని పోయింది. ఆయన తప్పు లేకుండా పోయింది. ఆ సంగతి నాకు అర్థమయ్యేసరికి ఐదేళ్ళు పట్టింది. ఈ రోజు ఆ కథ చెప్తాను. దాంతోపాటు అల్యూమినియం రేకుని వేడిమీద రోల్ చేసేటప్పుడు దాని లోపల ఏం జరుగుతుందో కూడా చెప్తాను. మీ చేతిలో ఉన్న ఫోన్ దాకా వస్తుంది ఈ కథ. కొంచెం ఓపిగ్గా వినండి.

మాది పుంగనూరు. పుంగనూరు అనగానే అందరూ పొట్టి ఆవుల గురించి అడుగుతారు. ఆవులు ఈ రోజు టాపిక్ కాదు. మా మేనమామకి ఊరి చివర ఒక చిన్న షెడ్డు ఉండేది. ఒక హైడ్రాలిక్ ప్రెస్, రెండు మూడు డైలు, ఒక పాలిష్ మెషిన్. బయటినుంచి గుండ్రంగా కోసిన అల్యూమినియం రేకులు వస్తాయి. వాటిని సర్కిళ్ళు అంటారు. సర్కిల్‌ని డై మీద పెట్టి, పైనుంచి పంచ్ దించితే గిన్నె అవుతుంది. తర్వాత అంచు కత్తిరించి, మడిచి, పాలిష్ కొట్టి సంతల్లో అమ్ముతారు. అంతే వ్యాపారం.

ప్రెస్ మీద ఒక అన్న పనిచేసేవాడు. పేరు చెప్పను, ఆయనకి ఇష్టం లేదు. కుప్పం వైపు మనిషి. చదువు ఐదో తరగతి. కానీ పంచ్ దిగే చప్పుడు విని నూనె తక్కువైందో లేదో చెప్పేవాడు.

నేను ఇంటర్ చదివేటప్పుడు, ఎండాకాలం సెలవుల్లో షెడ్డులో లెక్కలు రాసేదాన్ని. ఆ సంవత్సరం మామ కొత్త చోటునుంచి సర్కిళ్ళు తెప్పించాడు. రేటు తక్కువ. చూడ్డానికి తళతళా మెరుస్తున్నాయి. మొదటి రోజు ప్రెస్ చేసిన గిన్నెలన్నిటికీ ఇట్లా చెవులు. చెవుల మధ్య పల్లం ఉన్నచోట గిన్నె ఎత్తు చాలలేదు, అంచు మడవడానికి లోహం లేదు. చెవులు కోసి సమానం చేస్తే గిన్నె పొట్టిది అయిపోతోంది. నాలుగు వందల సర్కిళ్ళు వెళ్ళాయి. అన్నీ తుక్కు కింద పడ్డాయి.

మామకి కోపం వచ్చింది. "సర్కిల్ నడిమధ్యలో పెట్టేది కూడా మర్చిపోయినావా?" అన్నాడు. అన్న డై విప్పాడు, తుడిచాడు, మళ్ళీ బిగించాడు. నూనె మార్చాడు. మళ్ళీ నాలుగు చెవులే. చివరికి ఆయన ఒక మాట అన్నాడు: "అన్నా, డైలో ఏం లేదు. రేకులోనే ఏదో ఉంది." మామ నవ్వాడు. "రేకు తళతళా ఉంటే దాంట్లో ఏముంటాదప్పా?" అన్నాడు.

ఆ వారం చివర్లో అన్నని లెక్క తేల్చి పంపేశాడు. ఆ లెక్క రాసింది నేనే. తుక్కు అయిన సర్కిళ్ళ డబ్బు ఆయన కూలీలో పట్టుకున్నారు. ఆ అంకె నాకు ఇప్పటికీ గుర్తుంది, కానీ చెప్పను.

సరే. ఇప్పుడు మదనపల్లెకి పోదాం. నేను ఇంజనీరింగ్ చదివింది అక్కడే, మెకానికల్. మూడో సంవత్సరంలో మెటలర్జీ క్లాసులో మా సార్ బోర్డు మీద ఒక గిన్నె బొమ్మ వేసి, అంచుకి నాలుగు బుడిపెలు పెట్టారు. "ఇది ఆపరేటర్ తప్పు కాదు. ఇది టెక్స్చర్" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. నిజంగా.

టెక్స్చర్ అంటే మనం మామూలుగా గుడ్డ నునుపు, గోడ గరుకు అనుకుంటాం. లోహాల్లో ఆ అర్థం కాదు. లోపలి స్ఫటికాలు ఏ దిక్కుకి తిరిగి ఉన్నాయి అనేదే టెక్స్చర్. దీన్ని మదనపల్లె టమాటా మార్కెట్‌తో చెప్తాను, సులువుగా అర్థమవుతుంది.

సీజన్‌లో తెల్లవారుజామున ఆ యార్డు చూశారా? లారీలే లారీలు. ఒక్కో లారీలో క్రేట్లు ఎంత పద్ధతిగా పేర్చి ఉంటాయి! వరస మీద వరస, మూల మీద మూల. కానీ లారీలు మాత్రం ఎట్లంటే అట్ల నిలబడి ఉంటాయి. ఒకటి తూర్పుకి, ఒకటి ఉత్తరానికి, ఒకటి అడ్డంగా. అల్యూమినియం రేకు లోపల కూడా ఇదే సీన్. ఒక్కో లారీ ఒక్కో స్ఫటికం. ఇంజనీర్లు గ్రెయిన్ అంటారు. క్రేట్లు అణువుల వరసలు. స్ఫటికం లోపల అంతా పద్ధతే. కానీ ఏ స్ఫటికం ఎటు తిరిగి ఉంది అనేది వేరే ప్రశ్న. లారీలన్నీ తలో దిక్కుకి ఉంటే ఆ రేకు ఏ వైపు లాగినా ఒకేలా ఉంటుంది. లారీల్లో ఎక్కువ భాగం ఒకే దిక్కుకి తిరిగి నిలబడితే, ఆ రేకుకి బలమైన టెక్స్చర్ ఉన్నట్టు. అప్పుడు పొడుగునా లాగితే ఒక రకం, అడ్డంగా లాగితే ఒక రకం, మూలగా లాగితే ఇంకో రకం. కట్టెని నారు వెంబడి చీల్చడం సులువు, అడ్డంగా చీల్చడం కష్టం కదా, అట్లా అన్నమాట.

అల్యూమినియం అణువులు ఎట్లా పేర్చి ఉంటాయి? ఒక చిన్న ఘనం ఊహించుకోండి. ఎనిమిది మూలల్లో ఎనిమిది అణువులు, ఆరు ముఖాల మధ్యలో ఆరు అణువులు. ఘనం అంచు పొడవు 0.405 నానోమీటర్లు. ఇలాంటి ఘనాలు కోట్లానుకోట్లు కలిస్తే ఒక స్ఫటికం. దీన్ని వంచినా, నొక్కినా లోపల ఏమవుతుంది? పేక ముక్కల కట్టని పక్కకి తోస్తే ముక్కలు ఒకదాని మీద ఒకటి జారతాయి కదా, అణువుల పొరలు అట్లా జారతాయి. అల్యూమినియంలో జారే పొరల రకాలు నాలుగు. ఒక్కో పొరలో జారడానికి మూడు దిక్కులు. మొత్తం పన్నెండు దారులు. అందుకే అల్యూమినియం అంత మెత్తగా సాగుతుంది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. రోలర్ల మధ్య నలిగేటప్పుడు స్ఫటికం పొరలు జారతాయి. కానీ పక్కన వేరే స్ఫటికాలు ఉన్నాయి, అవి వదలవు. అందుకని జారుతూ జారుతూ స్ఫటికం మెల్లగా తిరుగుతుంది. తిరిగి తిరిగి, ఇక తిరగాల్సిన అవసరం లేని కొన్ని భంగిమల్లో స్థిరపడుతుంది. ఆ భంగిమలకి పేర్లున్నాయి: కాపర్, ఎస్, బ్రాస్. అల్యూమినియంలో కాపర్ ఏంటి అనకండి, ఆ లోహాల్లో ముందు గమనించారు కాబట్టి ఆ పేర్లు. ఇవి నలిగిన రేకు భంగిమలు. ఇంకోటి ఉంది, దాని పేరు క్యూబ్. ఇందులో ఘనం రేకు మీద బల్లపరుపుగా, అంచులు రోలింగ్ దిక్కుకి సమానంగా కూర్చుంటుంది. ఇది నలిగినప్పుడు వచ్చేది కాదు. నలిగిన రేకు వేడికి మళ్ళీ కొత్త స్ఫటికాలు పుట్టించుకున్నప్పుడు వచ్చేది. పాత లారీలు పోయి కొత్త లారీలు వచ్చి నిలబడ్డట్టు.

ఇప్పుడు చెవుల దగ్గరికి వద్దాం. సర్కిల్‌ని గిన్నెగా లాగేటప్పుడు చుట్టూరా ఉన్న లోహం లోపలికి రావాలి. కొన్ని దిక్కుల్లో అది బాగా సాగి గోడ ఎత్తుగా లేస్తుంది. అక్కడ చెవి. కొన్ని దిక్కుల్లో సాగే బదులు మందం పెరుగుతుంది, ఎత్తు తగ్గుతుంది. అక్కడ పల్లం. రేకులో నలిగిన భంగిమలు ఎక్కువగా ఉంటే, చెవులు రోలింగ్ దిక్కుకి 45 డిగ్రీల్లో, మూలమూలగా వస్తాయి. క్యూబ్ ఎక్కువగా ఉంటే, చెవులు రోలింగ్ దిక్కులో, దానికి అడ్డంగా, అంటే 0, 90 డిగ్రీల్లో వస్తాయి. అంటే చెవులు ఎక్కడ లేచాయో చూస్తే రేకు లోపల ఏముందో చెప్పొచ్చు. ఎక్స్‌రే మెషిన్ కూడా అక్కర్లేదు.

ఆ సెలవుల్లో నేను పుంగనూరు పోయాను. షెడ్డు మూలన ఆ పాత సర్కిళ్ళు ఓ పదిహేను ఇంకా పడి ఉన్నాయి. ఒక చిన్న పరీక్ష చేశాను, మీరు కూడా చేయొచ్చు. రేకుని వెలుతురులో వంచి చూస్తే సన్నని గీతలు ఒకే దిక్కులో కనిపిస్తాయి. అది రోలింగ్ దిక్కు. మార్కర్‌తో బాణం గుర్తు వేశాను. మొదటి సర్కిల్‌ని బాణం ప్రెస్ ముందుకి ఉండేలా పెట్టి గిన్నె చేశాం. రెండోదాన్ని బాణం మూలకి తిప్పి పెట్టాం. మూడోది అడ్డంగా. లాజిక్ సింపుల్. తప్పు డైదో, మనిషిదో అయితే చెవులు ప్రతిసారీ డైలో ఒకే చోట రావాలి. తప్పు రేకుది అయితే బాణం తిరిగినప్పుడల్లా చెవులు కూడా దాంతోపాటే తిరగాలి.

తిరిగాయి. మూడుసార్లూ బాణానికి 45 డిగ్రీల్లోనే, నాలుగు చెవులు. మామ ఏం మాట్లాడలేదు. గిన్నె చేతిలో పట్టుకొని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత "వాడు చెప్పినాడే" అన్నాడు. అంతే.

సరే, రేకుది తప్పు. మరి రేకులోకి ఆ తప్పు ఎట్లా వచ్చింది? ఇప్పుడు అసలు టాపిక్. రోలింగ్ మిల్లు లోపలికి పోదాం.

పెద్ద మిల్లుల్లో కథ ఒక దిమ్మతో మొదలవుతుంది. స్లాబ్ అంటారు. దాదాపు అర మీటరు మందం. దాన్ని ఫర్నేస్‌లో గంటల తరబడి 500 డిగ్రీలు దాటేదాకా కాలుస్తారు. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర. అంటే కరగదు, కానీ వెన్నలా మెత్తబడుతుంది. తర్వాత ఒకే జత రోలర్ల మధ్య ముందుకీ వెనక్కీ ఎన్నోసార్లు తిప్పుతూ రెండు మూడు సెంటీమీటర్ల మందానికి తెస్తారు. ఆ తర్వాత వరసగా మూడు నాలుగు జతల రోలర్లు ఉంటాయి. అన్నిటి మధ్యనుంచి ఒకేసారి దూసుకొచ్చి రేకు రెండు మూడు మిల్లీమీటర్లకి దిగుతుంది. చివర్లో పెద్ద చుట్టగా చుట్టేస్తారు. ఇదంతా హాట్ రోలింగ్. దీని తర్వాత చల్లగా రోల్ చేసి కావలసిన మందానికి తెస్తారు.

ఈ ప్రయాణంలో మిల్లు వాళ్ళ చేతిలో కొన్ని మీటలు ఉన్నాయి. ఒక్కోటి చూద్దాం.

మొదటిది వేడి. వేడి ఎక్కువ ఉంటే నలిగిన స్ఫటికం లోపలి చిక్కులు అప్పటికప్పుడే సర్దుకుంటాయి. అల్యూమినియం ఈ విషయంలో చాలా చురుకు. లోపల చిన్న చిన్న శుభ్రమైన గదుల్లాగా తయారవుతుంది. వేడి తక్కువైతే చిక్కులు అట్లాగే పేరుకుపోతాయి. ఆ చిక్కుల్లోనే శక్తి దాగి ఉంటుంది.

రెండోది వేగం. రోలర్లు జోరుగా తిరిగితే లోహానికి సర్దుకోవడానికి టైమ్ ఉండదు. చిక్కులు పెరుగుతాయి. ఇక్కడ ఒక మంచి విషయం ఉంది. వేగం పెంచినా, వేడి తగ్గించినా లోహం దృష్టిలో దాదాపు ఒకటే. ఈ రెండిటినీ కలిపి ఒకే అంకెగా చెప్పొచ్చని 1944లో జీనర్, హాలమన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు. వాళ్ళు పనిచేసింది ఉక్కు మీద. అయినా ఈ రోజుకీ అల్యూమినియం మిల్లుల్లో అదే అంకె వాడతారు. జెడ్ అని పిలుస్తారు. జెడ్ తక్కువ అంటే వేడిగా, నిదానంగా నలిపినట్టు. జెడ్ ఎక్కువ అంటే చల్లగా, జోరుగా నలిపినట్టు.

మరి జెడ్‌కీ టెక్స్చర్‌కీ సంబంధం ఏంటి? జెడ్ తక్కువగా ఉన్నప్పుడు, క్యూబ్ భంగిమలో ఉన్న కొన్ని స్ఫటికాలు నలిగినా పూర్తిగా తిరిగిపోకుండా, సన్నని పట్టీల్లాగా మిగిలిపోతాయి. వాటి లోపల చిక్కులు పక్కవాటికంటే త్వరగా సర్దుకుంటాయి. తర్వాత కొత్త స్ఫటికాలు పుట్టే టైమ్ వచ్చినప్పుడు ఈ క్యూబ్ పట్టీలే ముందు మొదలుపెట్టి, చుట్టూ ఉన్నవాటిని మింగేస్తూ పెరుగుతాయి. రేకంతా క్యూబ్ అవుతుంది. జెడ్ ఎక్కువగా ఉంటే ఈ అవకాశం తగ్గుతుంది. అప్పుడు కొత్త స్ఫటికాలు వేరే చోట్ల కూడా పుడతాయి. ముఖ్యంగా లోహంలో ఇనుము, మాంగనీసు కలిసిన గట్టి రేణువులు ఉంటాయి కదా, వాటిల్లో పెద్దవాటి చుట్టూ. అక్కడ పుట్టినవి తలో దిక్కుకి తిరిగి ఉంటాయి. టెక్స్చర్ పలచబడుతుంది.

మూడోది ఒక్కో దెబ్బకి ఎంత నలపాలి అనేది, దాంతోపాటు రాపిడి. రోలర్‌కి, రేకుకి మధ్య నూనె కలిపిన నీళ్ళు చల్లుతారు. అది సరిగ్గా లేకపోతే రేకు పై పొర రోలర్‌కి అతుక్కుని పక్కకి ఈడ్చినట్టు నలుగుతుంది. నడిమధ్య మాత్రం నిలువుగా నలుగుతుంది. ఫలితంగా ఒకే రేకులో పైన ఒక టెక్స్చర్, మధ్యలో ఇంకో టెక్స్చర్. చూడ్డానికి ఒకటే రేకు, లోపల రెండు.

నాలుగోది, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది: చివరి వేడి. ఆఖరి రోలర్లనుంచి రేకు బయటికి వచ్చేటప్పుడు ఎంత వేడిగా ఉంది? డబ్బాల రేకు లాంటివాటికి ఇది 300 నుంచి 350 డిగ్రీల మధ్య ఉంటుంది. అంత వేడిగా చుట్టేస్తే, టన్నుల బరువున్న ఆ చుట్ట చల్లారడానికి గంటలు గంటలు పడుతుంది. ఆ గంటల్లో, ఇంకెవరూ ముట్టుకోకుండానే, లోపల కొత్త స్ఫటికాలు పుట్టి క్యూబ్ తయారవుతుంది. దానంతట అదే వండుకుంటుంది. అన్నం వార్చి మూత పెట్టి పక్కన పెడితే ఉమ్మగిలినట్టు. మూత త్వరగా తీస్తే పలుకు మిగిలిపోతుంది. అట్లాగే, రేకు మరీ చల్లారి బయటికొస్తే కొత్త స్ఫటికాలు సగమే పుడతాయి, నలిగిన భంగిమలు అట్లాగే మిగిలిపోతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మరీ వేడిగా, నిదానంగా రోల్ చేస్తే లోపల శక్తి నిల్వ ఉండదు. కొత్త స్ఫటికాలు పుట్టడానికి బలం చాలదు. మరీ చల్లగా చేస్తే శక్తి ఉంటుంది కానీ పుట్టడానికి వేడి చాలదు. రెండిటి మధ్య సన్నని దారి. ఆ దారిలో నడవడమే రోలింగ్ మిల్లు ఇంజనీర్ ఉద్యోగం.

ఇప్పుడు మా మామ షెడ్డులో గిన్నె చెవులు 45 డిగ్రీల్లో వచ్చాయి కదా. అంటే ఆ రేకులో నలిగిన భంగిమలు గెలిచాయి, క్యూబ్ ఓడింది. వేడిమీద రోల్ చేసినప్పుడో, తర్వాత మెత్తబరచడానికి కాల్చినప్పుడో కొత్త స్ఫటికాలు సరిగ్గా పుట్టలేదు. లేదా చల్లగా మరీ ఎక్కువ నలిపారు. ఏది అయినా, ఆ తప్పు పుంగనూరు రాకముందే జరిగిపోయింది. అక్కడ ప్రెస్ దగ్గర నిలబడ్డ మనిషి ఏం చేసినా మార్చలేడు.

ఇదేదో చిన్న షెడ్డుల గోల అనుకోకండి. మన పాత చిత్తూరు జిల్లాలోనే, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీసిటీలో బాల్ కంపెనీ అల్యూమినియం డబ్బాల ఫ్యాక్టరీ ఉంది. మీరు తాగే కూల్‌డ్రింక్ డబ్బా లాంటివి. ఇలాంటి డబ్బా కూడా మొదట సర్కిలే. దాన్ని కప్పులాగా లాగి, తర్వాత గోడని సాగదీసి సాగదీసి పల్చగా చేస్తారు. గోడ మందం ఒక మిల్లీమీటర్లో పదో వంతు దాకా దిగుతుంది. ఆధునిక డబ్బాల లైన్లు నిమిషానికి రెండు వేలకు పైగా డబ్బాలు చేస్తాయి. ఆ వేగంలో ఒక్క చెవి చిరిగి లోపల ఇరుక్కుంటే లైన్ ఆగిపోతుంది. చెవి ఎంత ఎత్తు లేస్తే అంత లోహం కత్తిరించి పారేయాలి.

దీనికి మిల్లు వాళ్ళు ఒక తెలివైన పని చేస్తారు. డబ్బా రేకుని చల్లగా చాలా ఎక్కువ నలపక తప్పదు, బలం కావాలి కాబట్టి. నలిపితే 45 డిగ్రీల చెవులు తప్పవు. అందుకని ముందే, హాట్ రోలింగ్ చివర్లో, కావాలనే బలమైన క్యూబ్ తయారు చేసి పెట్టుకుంటారు. క్యూబ్ చెవులు 0, 90లో లేవాలనుకుంటాయి. నలిగినవి 45లో లేవాలనుకుంటాయి. ఒకదాని ఎత్తు ఇంకోదాని పల్లంలో పడుతుంది. రెండూ కొట్టుకుపోయి అంచు దాదాపు సమానం అవుతుంది. తక్కెడలో రెండు వైపులా తూకం వేసినట్టు. డబ్బా సమానంగా రావడం వెనక ఎక్కడో ఒక మిల్లులో ఆఖరి వేడి సరిగ్గా కుదరడం ఉంది.

టెక్స్చర్ అంటే చెవులు ఒక్కటే కాదు, ప్రాణాల లెక్క కూడా. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో డి.ఎం.ఆర్.ఎల్. ఉంది, రక్షణ శాఖ లోహాల పరిశోధనశాల. అక్కడ ఏళ్ళ తరబడి అల్యూమినియం-లిథియం మిశ్రమాల మీద పని జరిగింది. లిథియం ఒక శాతం కలిపితే బరువు దాదాపు 3 శాతం తగ్గుతుంది, బిగువు దాదాపు 6 శాతం పెరుగుతుంది. విమానానికి అంతకంటే ఏం కావాలి? కానీ ఈ మిశ్రమాన్ని వేడిమీద రోల్ చేస్తే కొత్త స్ఫటికాలు పుట్టడానికి మొండికేస్తుంది. బ్రాస్ భంగిమ బలంగా పేరుకుపోతుంది. దాంతో రేకు పొడుగునా లాగితే మంచి బలం, 45 నుంచి 60 డిగ్రీల మూలగా లాగితే బలం పడిపోతుంది. రెక్క మీద గాలి నీ రోలింగ్ దిక్కు చూసుకొని కొట్టదు కదా! అందుకే రోలింగ్ వేడి, మధ్యలో కాల్చడం, కొన్నిసార్లు అడ్డంగా కూడా రోల్ చేయడం లాంటి మార్పులతో ఆ తేడాని తగ్గించే ప్రయత్నాలు జరిగాయి. అక్కడ పనిచేసిన ఎన్. ఈశ్వర ప్రసాద్, ఎ. ఎ. గోఖలే గార్లు వాన్‌హిల్ అనే విదేశీ శాస్త్రవేత్తతో కలిసి ఈ మిశ్రమాల మీద పెద్ద పుస్తకమే సంపాదకత్వం చేశారు. మన దగ్గర జరిగిన పని, ప్రపంచం చదివే పుస్తకం.

ఇప్పుడు ఫోన్ దగ్గరికి వద్దాం అన్నాను కదా. 2014లో ఐఫోన్ 6 జేబులో వంగిపోతోందని గోల జరిగింది, గుర్తుందా? మరుసటి ఏడాది 6ఎస్‌కి ఇంకా గట్టి అల్యూమినియం, 7000 సిరీస్ వాడారు. ఫోన్ ఫ్రేమ్‌లు మామూలుగా రోల్ చేసిన రేకునుంచి రావు. వేడి అల్యూమినియం దిమ్మని అచ్చులోనుంచి జంతికల పిండిలాగా తోసి, ఆ పొడుగు కడ్డీని కోసి, మెషిన్‌తో చెక్కుతారు. కానీ రూల్ మాత్రం ఇదే. ఎంత వేడి, ఎంత వేగం, ఎంత నలుపు, తర్వాత ఎట్లా చల్లార్చారు. వీటిని బట్టే లోపల స్ఫటికాల దిక్కు. అది తేడా కొడితే బలం మారుతుంది, రంగు వేసే ముందు చేసే ఆనోడైజింగ్‌లో చారలు కూడా కనిపిస్తాయి. 2025లో కుప్పంలో హిండాల్కో కంపెనీ 586 కోట్లతో ఐఫోన్ చాసిస్‌కి కావలసిన అల్యూమినియం ప్లాంటు పెడుతుందని వార్తలు వచ్చాయి. ఆ వార్త చదివినప్పుడు నాకు ఫోన్ గుర్తు రాలేదు. అన్న గుర్తొచ్చాడు. ఆయన ఉండేది కుప్పం పక్క పల్లెలోనే.

నిజం చెప్పాలంటే ప్రెస్ దగ్గర ఆ పరీక్ష చేసిన తర్వాత కూడా చాలా ఏళ్ళు నేను ఆయన దగ్గరికి పోలేదు. సిగ్గు. ఏమని చెప్పాలి? మామ ఒకసారి డబ్బు పంపించాడని తెలుసు. డబ్బు వేరు, మాట వేరు. ఆ వార్త చూసిన వారం, ఈ గిన్నె బ్యాగులో పెట్టుకొని పుంగనూరులో బస్సెక్కాను. పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం. ఆయన ఇంటి అరుగు మీద కూర్చొని గిన్నె ఇచ్చి, బాణం గుర్తు చూపించి, మీకు ఇప్పుడు చెప్పిందంతా చెప్పాను. టమాటా లారీలతో సహా.

ఆయన గిన్నెని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంచు మీద వేలితో తడిమాడు. "నాకు లారీలూ అవన్నీ తెలీదు పాపా. ఆ రేకు పంచ్ కింద దిగేటప్పుడు చప్పుడే వేరేగా ఉండె. అందుకే అన్నాను" అన్నాడు. కొంచెం ఆగి, "మీ మామ ఏమన్నాడు?" అని అడిగాడు. చెప్పాను, "వాడు చెప్పినాడే" అన్నాడని. ఆయన నవ్వాడు. "అది చాలు" అన్నాడు.

వాళ్ళ అమ్మాయి కుప్పంలో డిగ్రీ చదువుతోంది. నన్ను బస్టాండ్ దాకా దింపడానికి వచ్చింది. దారిలో అడిగింది: "అక్కా, ఈ స్ఫటికాల దిక్కు చూసే మెషిన్ ఉంటుందా? దాని మీద పని నేర్చుకోవచ్చా?" ఉంటుంది. ఎక్స్‌రేలతో చూస్తారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఒక్కో స్ఫటికాన్ని ఒక్కో రంగులో చూపించే పద్ధతి కూడా ఉంది, దాన్ని ఇ.బి.ఎస్.డి. అంటారు. బెంగళూరులో ఐ.ఐ.ఎస్.సి. ఉంది, అక్కడ టెక్స్చర్ మీద పెద్ద పనే జరుగుతోంది. కుప్పంనుంచి రైలెక్కితే బెంగళూరు ఎంత దూరం? మన పిల్లలు రోజూ ఉద్యోగాలకి పోయొచ్చే దారే కదా.

ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్‌నుంచి ఒక్క మాట పట్టుకుపోండి. వస్తువు చెడిపోయినప్పుడు దాని పక్కన నిలబడ్డ మనిషి మీదికి వేలు పోతుంది, ఎందుకంటే కనిపించేది ఆయనే. రేకు ఎక్కడో, ఏ వేడి దగ్గర, ఎంత జోరుగా నలిగిందో కనిపించదు. వేలు చూపించే ముందు ఒక బాణం గుర్తు వేసి, రేకుని తిప్పి చూడండి. చెవులు రేకుతో తిరిగితే తప్పు రేకుది. డైతో ఆగిపోతే తప్పు మనది. ఐదు నిమిషాల పరీక్ష. ఆ ఐదు నిమిషాలు మేము ఆ రోజు పెట్టలేదు.

మీ ఇంట్లో, మీ ఊళ్ళో గిన్నెలు చేసే షెడ్డు ఉంటే, ఈ పరీక్ష చేసి చెవులు ఎన్ని డిగ్రీల్లో వచ్చాయో ఫొటో తీసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ ఫొటోలు చూస్తూ, రేకు లోపల ఏముందో కలిసి కనిపెడదాం. అంతవరకు సెలవు. నమస్తే.